నోటిదాకా వచ్చిన మాట

సోమవారం పొద్దున ఎనిమిదింటికి నలుగురు పిల్లల్ని పక్షవాతం వార్డు పక్కనున్న చిన్న గదిలో ఎదురుగా కూచోబెట్టుకుని, ఈ ఐదు రోజులూ మీరు నలుగురు కాదు, ఒక జట్టు అని చెప్పింది స్కేలు మేడం.

ఆవిడ నర్సింగ్ కాలేజీలో సీనియర్ టీచరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ పిల్లల నోళ్లలో లేదు. మంచం పక్కన దుప్పటి ఎంత వేలాడుతోందో కొలవడానికి కోటు జేబులో స్కేలు పెట్టుకు తిరుగుతుందని ఎప్పటి బ్యాచ్ వాళ్లో పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఆవిడకీ తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

నలుగురిలో ఒకడు మెడికో. గడకర్రలాంటి మనిషి, మెడలో స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకోమంటే చొక్కా విప్పమన్నట్టు చూశాడు. ఒకమ్మాయి ఫిజియోథెరపీ, ఇంకో అబ్బాయి ఫార్మసీ. నాలుగో పిల్ల ఆవిడ సొంత శిష్యురాలు, నర్సింగ్ ఆఖరి ఏడు. చిన్న మనిషి, చిన్న గొంతు. హాస్టల్లో అందరూ పిచ్చుక అంటారు.

ఇన్నాళ్లూ ఈ నాలుగు రకాల పిల్లలూ ఒకే రోగి చుట్టూ నాలుగు వేళల్లో తిరిగేవాళ్లు. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్లిపోయేవాళ్లు. మందు రాసేవాడికి మందు మింగించేవాళ్ల మొహం తెలియదు. రేపు ఉద్యోగాల్లో చేరాక ఒకే మంచం దగ్గర పనిచెయ్యాల్సిన వాళ్లు చదువుకునేటప్పుడు విడివిడిగా ఎందుకుండాలని పైవాళ్లకి ఈ ఏడు తట్టింది. మెడికల్ కాలేజీ తరఫున వార్డు పెద్ద డాక్టర్నీ, నర్సింగ్ తరఫున ఆవిడనీ వేశారు. ఆవిడ ఆదివారమంతా కూచుని పాఠం తయారుచేసుకుంది. బోర్డు మీద పెద్దక్షరాలతో ఒక్క వాక్యం రాసింది: ఎవరికి ఏది కనిపించినా నోరు తెరిచి చెప్పాలి. కింద గీత కూడా గీసింది, స్కేలు పెట్టి.

వాళ్లకి అప్పగించిన రోగుల్లో ఆరో మంచం ఆయన దర్జీ. అరవై దాటిన మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. ముక్కులో గొట్టం వేసి దానిలోంచే పాలూ మందులూ పోస్తున్నారు. పనికొచ్చే ఎడం చేత్తో మాటిమాటికీ నోరు చూపించేవాడు. పక్కన బల్ల మీద ఆయన భార్య. దుకాణంలో ఆయన చొక్కాలు కుడితే ఆవిడ కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. ఇక్కడ కూడా చేతులు ఊరుకోలేక దుప్పటి అంచుల్లో లేచిన దారాలు పీకుతూ కూచునేది.

మంగళవారం పెద్ద డాక్టరు రౌండుకి వచ్చేసరికి పదింబావు. ఆయనకి ఆలస్యం గిట్టదు, నసిగేవాళ్లు అసలే గిట్టరు. అరడజను మంది తెల్లకోట్లు వెనక నడుస్తుంటే ఆరో మంచం దగ్గర ఆగి, మింగడం ఎలా ఉందన్నాడు. మెడికో బాణంలా నిటారుగా నిలబడి, పొద్దున చెంచాతో నీళ్లిచ్చి చూశాననీ, మింగుతున్నాడనీ, దగ్గు లేదనీ చెప్పాడు. అయితే గొట్టం తీసెయ్యండి, రేపట్నుంచి నోటితో మొదలుపెట్టండి అన్నాడు పెద్ద డాక్టరు. దర్జీ భార్యకి అది వినగానే మొహం విచ్చుకుంది.

అప్పుడు మంచం అవతలి వైపునుంచి పిచ్చుక, "సార్, నీళ్లు తాగిన కాసేపటికి ఆయన..." అంది.

ఆ గొంతు ఏ మూలకీ చాలలేదు. పెద్ద డాక్టరు తల ఎత్తాడు గానీ ఎవరన్నారో వెతుక్కుంటున్నాడు. స్కేలు మేడం పిచ్చుక పక్కనే ఉంది. ఆలోచించి చేసిన పని కాదు. ఇరవై నాలుగేళ్లు రౌండ్లలో నిలబడ్డ చెయ్యి దానంతటదే లేచింది. రెండు వేళ్లు ఆ పిల్ల మోచేతి మీద ఆనించి, "తర్వాత" అంది, పెదవులు కదిలీ కదలకుండా. పిచ్చుక నోరు మూసుకుంది. తెల్లకోట్లు ఏడో మంచం దగ్గరికి జరిగాయి.

ఆ 'తర్వాత' ఇక రాలేదు. రౌండు అవగానే ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ఫోను: బుధవారం పరీక్షలకి ప్రశ్నపత్రాలు సరిచూడాలని. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ గుమాస్తాతో కట్టలు సరిచూస్తుంటే వరండా చివర పిచ్చుక కనబడింది. అటూ ఇటూ చూసి నాలుగడుగులు ముందుకేసింది. స్కేలు మేడం కట్టమీంచి చూపు తిప్పకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. పని ముగించి తలెత్తేసరికి వరండా ఖాళీ. ఏదో రికార్డు పుస్తకం సంతకానికి వచ్చుంటుంది, రేపు చూద్దాంలే అనుకుంది. రేపంతా పరీక్ష హాల్లోనే గడిచింది.

గురువారం పొద్దున ఆరో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేసి ఉత్త పరుపు మీద మందు నీళ్లతో తుడుస్తున్నారు. బుధవారం మధ్యాహ్నం జావ తాగుతుండగా దర్జీకి పొలమారిందట. కాసేపటికి సర్దుకుందట. తెల్లవారేసరికి జ్వరం, ఎగశ్వాస. ఊపిరితిత్తుల్లోకి జావ దిగిందని పైన ఐసీయూకి మార్చి ఊపిరి మెషిన్ పెట్టారు.

జావ తాగించింది పిచ్చుక.

పెద్ద డాక్టరు తన గదికి పిలిపించుకుని సంఘటన నివేదిక కాగితం ముందుకి తోశాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో అని గడులున్నాయి. ఆఖరి గడిలో బాధ్యులు అని ఉంది, పక్కన పిచ్చుక పేరు అప్పటికే రాసి ఉంది. పరీక్ష చేసి బాగుందని రాసింది మావాడు, ఆ రాత ఉంది. పెట్టమన్నది నేను, ఆ రాతా ఉంది. పెట్టిన పద్ధతిలోనే ఎక్కడో తేడా వచ్చి ఉండాలి అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క తేలినట్టు అన్నాడు. ఆ పిల్ల వాంగ్మూలం తీసుకుని, మీ అభిప్రాయం రాసి, రేపు పదకొండు గంటల సమావేశానికి తెమ్మన్నాడు. అప్పటిదాకా ఆ పిల్లని వార్డుకి రావద్దన్నాడు. తప్పు పిచ్చుకదే అని తేలితే ఆ పిల్ల ఆఖరి ఏడు మళ్లీ చదవాలన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

కాగితం సంచిలో పెట్టుకుని సాయంత్రం ఇల్లు చేరింది. ఇంట్లో ఉండేది ఆవిడా, ఆవిడ అక్కా. అక్క టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి దిగిపోయింది. ఊరంతటి మాటలూ చెవిలో పోసుకున్న మనిషి, ఎదుటివాడు చెప్పంది కూడా వినిపిస్తుంది. ఆరిన బట్టలు మడతపెడుతూ సంగతంతా వింది. మెడికో ఏమన్నాడు, పెద్ద డాక్టరు ఏమన్నాడు, జావ ఎంత పల్చగా ఉంది, అన్నీ చెప్పింది చెల్లెలు. మంగళవారం రౌండు మాత్రం రాలేదు.

"అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైందన్నమాట" అంది అక్క. "మరి ఇందులో నీ వాటా ఎంత?"

"నాదేముందక్కా? బుధవారం నేను వార్డులోనే లేను. పరీక్ష హాల్లో ఉన్నాను."

అక్క చేతిలో దిండుగలీబు దులిపి నాలుగు మడతలు వేసింది. "నేను ఏ రోజని అడగలేదే" అంది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రోజు నువ్వే చెబుతున్నావు."

స్కేలు మేడం వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించింది. గిన్నె పెట్టడం మర్చిపోయింది. మంట అలా వెలుగుతూనే ఉంది. బుధవారం మాట పక్కన పెడితే మంగళవారం మిగులుతుంది. ఆ పిల్ల ఏం చెప్పబోయిందో ఆవిడకి తెలీదు. అసలు నీళ్ల గురించే చెప్పబోయిందా? మందుల వేళ గురించి కావచ్చు. పక్క మార్చడం గురించి కావచ్చు. ఆ నాలుగు మాటల్లోంచి ఎన్ని అర్థాలు తియ్యవచ్చో అన్నీ తీసి చూసుకుంది. "నీళ్లు తాగిన కాసేపటికి ఆయన" అన్న తర్వాత రావలసిన మాట ఒక్కటే. అది నర్సింగ్ మొదటి ఏడు పిల్లకి కూడా తెలుసు.

శుక్రవారం పొద్దున బల్లమీద పిచ్చుక వాంగ్మూలం ఉంది. తెల్ల కాగితం, మార్జిన్ గీసి, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆవిడ నేర్పిన రాతే. నాలుగు వాక్యాలు. రోగి నీళ్లు తాగేటప్పుడు గానీ తర్వాత గానీ నేను ఏ తేడా గమనించలేదు. జావ తాగించేటప్పుడు తొందరపడ్డాను. ఇది నా అజాగ్రత్త. ఇకముందు ఇలాంటి పొరపాటు జరగనివ్వనని మనవి.

ఆవిడ రెండుసార్లు చదివింది. ముందు వచ్చింది ఒక తేలిక. నెత్తిమీది నీళ్ల బిందె ఎవరో దించినట్టు. ఈ కాగితాన్ని యథాతథంగా జతచేస్తే చాలు, ఎవరూ ఏమీ అడగరు. ఆ తేలికని చూసి ఆవిడకే భయమేసింది. లేచి పిచ్చుకకి కబురు చేసింది.

ఇద్దరూ బొమ్మల గదిలో కూచున్నారు. పిల్లలు ఇంజెక్షన్లూ కట్లూ నేర్చుకునే రబ్బరు మనుషులు వరసగా మంచాల మీద పడుకుని ఉన్నారు. పిచ్చుక కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ జడ, యూనిఫాం ఎప్పటిలాగే చక్కగా ఉన్నాయి. మంగళవారం నువ్వు చూసిందేమిటో చెప్పమంది స్కేలు మేడం. ఆ పిల్ల కాగితం వైపు చూసింది.

"ఇందులో ఉంది కాదు. నువ్వు చూసింది."

అప్పుడు చెప్పింది. మెడికో చెంచాతో నీళ్లు పోసి, మింగగానే రాసుకుని వెళ్లిపోయాడు. ఆమె నోరు తుడవడానికి ఆగింది. ఒక నిమిషం గడిచాక దర్జీ దగ్గాడు, చిన్నగా, చెరువులో రాయి పడ్డట్టు లోపలెక్కడో. 'ఆ' అనమంటే గొంతు తడితడిగా గరగరలాడింది. రౌండులో చెప్పబోయింది. తర్వాత మెడికోతో అంటే, నేను చూశాను కదా, నువ్వు మళ్లీ చూడక్కర్లేదు అన్నాడు. మూడింటికి మేడం కోసం వచ్చింది. మేడం పనిలో ఉన్నారు. బుధవారం పెట్టమని రాత ఉంది. పెట్టింది.

"మరి గమనించలేదని ఎందుకు రాశావు?"

"జరిగినదానికి సాకులు వెతకకూడదని మీరే చెప్పారు కదా మేడం."

"ఇది సాకు కాదే పిల్లా, నిజం."

పిచ్చుక యూనిఫాం అంచు వేళ్లమధ్య నలిపింది. "నిజం రాస్తే మీ పేరు రాయాలి మేడం" అంది.

 తనని కాపాడాలని ఇంత చిన్న పిల్ల ఇంత బరువు నెత్తినెత్తుకుందా అనుకుని స్కేలు మేడం ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. అంత అభిమానమా నామీద, అంది. అనకుండా ఉండాల్సింది.

పిచ్చుక అర్థం కానట్టు చూసింది. "అభిమానం కాదు మేడం" అంది నెమ్మదిగా, మర్యాదగానే. "భయం. ఆఖరి ప్రాక్టికల్స్ మీ చేతిలో ఉన్నాయి. ఒక ఏడాది పోతే పోతుంది గానీ, మీకు ఎదురుచెప్పి ఈ కాలేజీలో ఎవరు గట్టెక్కారు?"

ఆ పిల్ల భుజం మీద చెయ్యి ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు. కాసేపుంచి తీసేసింది. పక్కమంచం మీది రబ్బరు మనిషి నోరు తెరుచుకుని కప్పు వంక చూస్తున్నాడు. మూడేళ్లుగా తను నేర్పిన చదువు ఈ పిల్లకి అక్షరం పొల్లుపోకుండా వంటబట్టింది. పెద్దవాళ్ల మాటకి అడ్డురాకు, ముందు రాసుకో, తర్వాత చెప్పు, తప్పు జరిగితే తలొంచు. బోర్డు మీద స్కేలు పెట్టి గీత గీసిన వాక్యం మాత్రం నాలుగురోజుల కిందటిది.

వాంగ్మూలం వెనక్కిచ్చేసి, చూసిందంతా మళ్లీ రాయమంది. మోచేతి సంగతి కూడా రాయాలా అని అడిగింది పిచ్చుక. రాయమంది. ఆ పిల్ల కలం తీసుకుంది గానీ చాలాసేపు కాగితం మీద పెట్టలేదు. అందుకని ఆవిడే ఇంకో కాగితం లాక్కుని, ఎదురు కుర్చీలో కూచుని, తన వాంగ్మూలం రాయడం మొదలుపెట్టింది. అది చూశాక పిచ్చుక కలం కదిలింది.

పదకొండుకి సమావేశం. పెద్ద డాక్టరు, ప్రిన్సిపాల్, నలుగురు పిల్లలు. స్కేలు మేడం రెండు కాగితాలూ చదివింది. తన కాగితం నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చదివింది. రోగి నీళ్లకి దగ్గుతున్నాడని ఈ విద్యార్థిని గమనించింది. రౌండులో చెప్పబోయింది. నేను చేత్తో ఆపాను. తర్వాత వింటానన్నాను. వినలేదు. ఫార్మసీ అబ్బాయి అలవాటుగా రాసుకుంటున్నవాడు కలం ఆపేశాడు. ప్రిన్సిపాల్ మొహం గోడకి తిప్పుకుంది.

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే బాధ్యులు మీరంటారు" అన్నాడు.

"నేను కూడా అంటాను. తిలా పాపం తలా పిడికెడు. మీ కాగితంలో గడి ఒక్కటే ఉంది."

ఆయనకి ఆ మాట నచ్చలేదు. వార్డులో గట్టిగా మాట్లాడ్డం చేతకాని వాళ్లకి వార్డు దేనికని గొణిగాడు. పిచ్చుక పేరు కొట్టేసి ఆ గడిలో ఆవిడ పేరు రాశాడు. ఇంకా ఎవరైనా ఏమైనా చెప్పేదుంటే చెప్పమన్నాడు, వాచీ చూసుకుంటూ. ఫిజియో అమ్మాయి మెడికో వైపు చూసింది. మెడికో బల్లవైపు చూశాడు. సమావేశం అయిపోయింది. పిచ్చుక సోమవారం నుంచి వార్డుకి రావచ్చన్నారు. జట్టు పాఠాలనుంచి స్కేలు మేడాన్ని తప్పించామని, హెచ్చరిక ఉత్తరం తర్వాత అందుతుందని ప్రిన్సిపాల్ మెట్ల దగ్గర చెప్పింది. ఎందుకమ్మా ఈ వయసులో కొరివితో తల గోక్కోవడం అని కూడా అంది.

వరండాలో మెడికో వెనకే వచ్చాడు. ఆ మనిషి పొడుగంతా సగానికి వంగినట్టుంది. పిచ్చుక తనకి కూడా చెప్పిందనీ, ఒకసారి కాదు రెండుసార్లు చెప్పిందనీ అన్నాడు. పొద్దున పదిమంది రోగుల్ని చూసి పదింబావుకల్లా చెప్పాలి, ఒక్కొక్కరి దగ్గర నిమిషం ఆగితే అవదు మేడం అన్నాడు. సార్ ముందు తెలీదు అంటే ఆ రోజంతా 'తెలీదు డాక్టర్' అని పిలుస్తారు అన్నాడు. ఆవిడ విని, నాకెందుకు చెబుతున్నావు, తలుపు తెరిచే ఉంది, ఆయన లోపలే ఉన్నాడు అంది. వాడు తలుపు వైపు చూశాడు. రెండడుగులు అటు వేశాడు కూడా. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు. అతన్ని తిట్టుకుందామంటే ఆవిడకి నోరు రాలేదు. తనకి ఆ రెండడుగులు వెయ్యడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఐసీయూకి వెళ్లింది. ఎవరూ పంపలేదు. అద్దంలోంచి దర్జీ కనిపిస్తున్నాడు. జ్వరం దిగిందనీ, మెషిన్ ఇంకో రెండు రోజుల్లో తీసి చూస్తామనీ లోపలి సిస్టర్ చెప్పింది. బయట బెంచీ మీద ఆయన భార్య కూచుని ఉంది, ఒళ్లో ఆయన చొక్కా. దారాలు పీకడం లేదు. చేతులు ఊరికే చొక్కా మీద పడి ఉన్నాయి.

పక్కన కూచుంటే జరిగి చోటిచ్చింది. తిన్నారా అని అడిగితే తల ఊపింది. తర్వాత తనంతట తనే, ఎవరో అడిగినట్టు, చెప్పడం మొదలుపెట్టింది. "ఆ పిల్ల ఆపుదామనే అంది సిస్టరమ్మా. నాలుగు చెంచాలు చాలమ్మా, మళ్లీ సాయంత్రం పెడదాం అంది. వారం రోజుల ఆకలి, మొహం పీక్కుపోయింది, ఇంకో రెండు పెట్టవే తల్లీ అని నేనే చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఆ రెండే. మా అబ్బాయికి ఇంకా చెప్పలేదు. మీ నాన్నని నా చేతుల్తో ఇలా చేశానని వాడితో ఎట్లా అనను?"

స్కేలు మేడం ఆవిడ మొహం చూడలేకపోయింది. నిన్న ఆ గదిలో అంతమంది కూచుని తప్పుని ఎవరి ఖాతాలో రాయాలా అని తర్జనభర్జన పడ్డారు. ఒక అంతస్తు పైన ఈవిడ మూడు రోజులుగా మొత్తం తప్పంతా ఒళ్లో పెట్టుకుని కూచుంది. పైకి వచ్చి అసలేం జరిగిందో ఈవిడకి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. తనకీ నిన్న తోచలేదు.

చెప్పింది. మంగళవారం నీళ్లకే ఆయన దగ్గాడనీ, అప్పటికే నోటితో ఏదీ పెట్టకుండా ఉండాల్సిందనీ, రెండు చెంచాలు కాదు, మొదటి చెంచా కూడా పెట్టకూడదనీ చెప్పింది. ఆ పిల్ల కనిపెట్టిందమ్మా, చెప్పబోయింది, నేనే ఆపాను అంది.

 దర్జీ భార్య ఒళ్లో చొక్కా తీసి మడతపెట్టింది, కాలరు పైకి వచ్చేలా, అంగడిలో పెట్టినట్టు. ఏడుస్తుందనుకుంది స్కేలు మేడం. తిడుతుందనుకుంది. రెండిటికీ సిద్ధపడే వచ్చింది.

"మీరింక రావద్దు" అంది దర్జీ భార్య. గొంతు మామూలుగానే ఉంది. "ఆ పిల్లని పంపండి. ఆయనకి మళ్లీ నోట్లో చెంచా పెట్టే రోజొస్తే ఆ పిల్లే పెట్టాలి."

అలాగేనమ్మా అని లేచింది. మెట్ల మలుపు దాకా వచ్చింది. అక్కణ్నుంచే పిచ్చుకకి ఫోను చేసి, దర్జీ భార్య రమ్మంటోందని చెప్పింది. అటువైపు కంగారు. ఏం మాట్లాడాలి మేడం, ఏం చెప్పమంటారు అని అడిగింది ఆ పిల్ల. ఎన్నేళ్లనుంచో సిద్ధంగా ఉన్న జవాబులు నాలుగైదు నాలుక చివరికి వచ్చాయి. ఆవిడ వాటిని మింగేసింది.

"నన్నడక్కు. నువ్వు చూసింది నువ్వు చెప్పు."

  

"అయితే మేడం" అంది పిచ్చుక, "పదకొండో మంచం ఆయనకి కూడా నీళ్లు తాగితే దగ్గొస్తోంది. గురువారం పొద్దున చూశాను. తర్వాత నన్ను వార్డుకి రావద్దన్నారు. ఎవరికి చెప్పాలో తెలీలేదు. సోమవారం వచ్చాక చెబుదామని..."

స్కేలు మేడం చేతి గడియారం చూసుకుంది. పన్నెండున్నర. కింద వార్డులో భోజనాల గిన్నెల బండి బయల్దేరే వేళ. ఫోను చెవినుంచి తియ్యకుండానే మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"ఇంకా ఏం చూశావు? ఆపకు, చెప్పు" అంది, రెండేసి మెట్లు దిగుతూ. ఆ చిన్న గొంతు చెబుతూనే ఉంది.